సిబ్బి అంచు

2004 ఆగస్టు 1, ఆదివారం

నన్ను వద్దన్నది ఎవరు?

పదకొండేళ్లుగా ఈ ప్రశ్నను వెంటేసుకుని తిరుగుతున్నాను. మా ఆయన మధు పోయిన ఏడాది, బడిలో బతుకమ్మ నాడు, పిల్లలూ టీచర్లూ చుట్టూ చేరి చప్పట్లు మొదలుపెట్టగానే నా కాళ్లు వసారా మెట్టు దగ్గర ఆగిపోయాయి. ఆ తర్వాత ప్రతి ఏడూ అదే మెట్టు. పాటలు నేర్పేది నేనే. బోర్డు మీద రాసేది, ఎక్కడ వంగాలో ఎక్కడ చప్పట్లు కొట్టాలో చెప్పేది నేనే. పండగ నాడు మాత్రం మెట్టు మీద నిలబడి ప్రసాదం సత్తుపిండి పంచుతాను. భర్త పోయినవాళ్లు బతుకమ్మ ఆడరని లోకం అంటుంది. నాతో ఆ మాట అన్నదెవరు? అత్తమ్మ అన్నదనే అనుకుంటూ వచ్చాను. ఏ రోజు అన్నదో, ఎలా అన్నదో ఎంత తవ్వినా దొరకదు. ఎం.ఏ. చదివినదాన్ని, అడిగి తెలుసుకోవచ్చు. అడగలేదు.

సరే, ఈ నోటుబుక్కు తీసింది ఇది రాయడానికి కాదు. రేపు మా బడికి విదేశం నుంచి టీచర్ వస్తోంది. ఏదో స్వచ్ఛంద సంస్థ తరఫున, జీతం లేకుండా, ఆరు నెలలు ఇంగ్లిష్ చెబుతుందట. ఆమె ఉండటానికి హెడ్మాస్టర్ బ్రహ్మానందం సారుకు బాన్సువాడ మొత్తంలో మా ఇంటి పైగదే కనిపించింది. పొద్దుటి నుంచి ఆ కిటికీ తెర రెండుసార్లు మార్చాను.

"పెండ్లిచూపులకు వస్తున్నరా ఏంది?" అంది అత్తమ్మ.

నలభై నాలుగేళ్లొచ్చాయి నాకు. రేపు ఏ చీర కట్టుకోవాలో తేలక మూడు చీరలు మంచం మీద పరిచి కూర్చున్నాను.

ఆగస్టు 2, సోమవారం

ఇద్దరు వచ్చారు. బీర్కూర్ బడికి ఒటియెనో అనే అబ్బాయి, మాకు వంబుయి. ఇరవై ఏడేళ్లు ఉంటాయేమో. మా గడప దాటాలంటే తల వంచాల్సినంత పొడుగు. కెన్యా అమ్మాయి.

ఆమె జీపు దిగగానే బ్రహ్మానందం సారు దండ చేతిలో పట్టుకుని, వెనకాల ఇంకెవరైనా దిగుతారేమోనని జీపు లోపలికి తొంగి చూశారు. సారును నాలుగు మాటలు తిడుతూ రాద్దామని కలం ఎత్తాను. నిజం రాయాలంటే, నేనూ చూశాను. ఒక్క క్షణమే. అయినా చూశాను.

పదో తరగతి సక్రికి దాపరికం తెలియదు. "మేడం, ఫారిన్ అంటె తెల్లగుంటరు గదా?" అని అందరి ముందే అడిగింది. ఆ పిల్ల ఏమంటోందని వంబుయి నన్ను అడిగింది.

"మీరు చాలా పొడుగంటోంది."

వంబుయి పకపకా నవ్వింది. "మేడం, మీకు అబద్ధం చెప్పడం బొత్తిగా రాదు." మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లిష్‌లోనే. ఈ నోటుబుక్కులో మాత్రం తెలుగులోనే మాట్లాడుతుంది నాతో.

ఆగస్టు 6

అత్తమ్మా వంబుయీ కలిసి వంటింట్లో మొక్కజొన్న రవ్వ ఉడికించి మక్క గట్క చేస్తున్నారు. వాళ్ల దేశంలో రోజూ తినేది అదేనట. ఒకరి భాష ఒకరికి రాదు. నన్ను మాత్రం బయటికి పొమ్మన్నారు.

ఆగస్టు 15, ఆదివారం

పంద్రాగస్టు. ఇరవై ఏళ్లుగా చూస్తున్న జెండావందనం ఈరోజు మళ్లీ కొత్తగా చూశాను. జెండాలో బంతిపూల రెక్కలు మూటగట్టి పెడతామని వంబుయికి ఎవరూ చెప్పలేదు. సారు తాడు లాగగానే పూలు నెత్తిన కురిశాయి. వంబుయి నోరు తెరిచి పైకి చూస్తూ ఉండిపోయింది. జాతీయగీతం అయ్యాక సారు దగ్గరికి పోయి అడిగింది: "మళ్లీ కట్టండి. ఈసారి నేను లాగుతాను."

సారు కంగారుపడి నా వైపు చూశారు. "శ్రీలత మేడం, జెండను రెండుసార్లు ఎక్కియ్యొద్దని జెర నువ్వన్న చెప్పు."

చెప్పాను. సాయంత్రం దాకా జుట్టులో ఆ రెక్కలతోనే తిరిగింది. దులుపుకోలేదు.

ఆగస్టు 23, సోమవారం

ఆదివారమంతా మా డాబా మీద ఏం జరిగిందో ఈరోజు తెలిసింది. పదో తరగతి ఆడపిల్లలు పదహారు మంది వంబుయిలాగే నెత్తి నిండా సన్న జడలు అల్లించుకుని బడికొచ్చారు. డ్రిల్లు సారు హన్మంతు ప్రార్థనలో వాళ్ల చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, "గిదేంది, అందరు జొన్న కంకుల లెక్క తయారైన్రు?" అన్నాడు. పిల్లలు నేల చూపులు చూస్తూ నవ్వాపుకున్నారు.

బ్రహ్మానందం సారు విప్పించమన్నారు. విప్పితే సాయంత్రం దాకా పాఠం ఉండదని వాదించాను. జడలు నిలిచాయి. ఈ మధ్య నేను బాగా వాదిస్తున్నాను.

సెప్టెంబర్ 4, శనివారం

స్వపరిపాలన దినం. టీచర్ల రోజు రేపు ఆదివారం పడిందని ఈరోజే చేశాం. పిల్లలే టీచర్లు, మేమందరం బెంచీల మీద. వంబుయి ముందు వరుసలో కూర్చుని కావాలని అల్లరి చేసి, ఆరో తరగతి పిల్ల చేత గోడ కుర్చీ వేయించుకుంది.

నా వేషం సక్రి కట్టింది. చీర, కళ్లద్దాలు, చంకలో రిజిస్టర్. పాఠం రెండు నిమిషాలు చెప్పింది. తర్వాత నేరుగా వసారా మెట్టు దగ్గరికి పోయి చేతులు కట్టుకుని నిలబడి, నా గొంతుతో, "ఆడండి, ఆడండి, నేను చూస్తున్నా" అంది.

బడి బడంతా నవ్వింది. నేనూ నవ్వాను.

తర్వాత వంబుయి అడిగింది, ఆ మెట్టు సంగతేమిటని. "బతుకమ్మ నాడు పిల్లల్ని చూసుకోవడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. నేను ఉంటాను" అన్నాను.

నా మొహంలోకి చూసింది. "సరే" అంది.

పక్కన లెక్కల టీచర్ షాగుఫ్తా చాయ్ తాగుతోంది. పదేళ్లుగా మా పిల్లలతో బతుకమ్మ ఆడుతున్నది ఆమె. "నేను ఆడుతున్న, నువ్వు చూస్తున్నవ్. అంత ఉల్టా నడుస్తుంది శ్రీలతా మన బళ్ల" అంది. అని గ్లాసు కడగడానికి వెళ్లిపోయింది.

సెప్టెంబర్ 5

సక్రి చేతులు కట్టుకున్న తీరు. నేను అలాగే కట్టుకుంటానా?

సెప్టెంబర్ 29, బుధవారం

బడి బతుకమ్మ అక్టోబర్ 14న. అదే పెత్రమాస, బతుకమ్మ మొదలయ్యే ఎంగిలిపూల నాడు. మర్నాటి నుంచి దసరా సెలవులు. ఈసారి తొమ్మిదికీ పదికీ పోటీ పెట్టారు. వంబుయి పదో తరగతి వైపు. "మాది ఊళ్లో అన్నిటికంటే పెద్దది కావాలి" అని ప్రకటించింది. బడి ఆయా పోసవ్వ ఆమెకు గురువు.

"పెద్దగ గాదు బిడ్డా, గట్టిగ ఉండాలె" అంది పోసవ్వ.

"పెద్దగ, గట్టిగ" అంది వంబుయి తెలుగులో. "రెండు."

పాటలు మొదలుపెట్టాను. వంబుయి అందరికంటే పెద్ద గొంతుతో, అందరికంటే తప్పుగా పాడుతుంది. ఆమెకు నేను గొంతెత్తి దారి చూపిస్తుంటే పదో తరగతి గది కిటికీలు మోగాయి. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉన్నప్పుడు పాట ఎత్తుకోవడానికి నన్నే పిలిచేవాళ్లు. ఆ సంగతి ఈ మధ్య అస్తమానం గుర్తొస్తోంది.

ఈ ఏడు కూడా మెట్టు మీదేనా?

మెట్టు మీదే. పిల్లల్ని ఎవరు చూసుకుంటారు మరి.

అక్టోబర్ 5

అత్తమ్మను అడగాలి. ఈ వారంలో అడుగుతాను.

అక్టోబర్ 10, ఆదివారం

అడగలేదు. బీర్కూర్ నుంచి ఒటియెనో వచ్చాడు. అత్తమ్మది ఆ ఊరే. అతని దగ్గర పుట్టింటి సంగతులన్నీ రాబట్టే పనిలో పడింది. మధ్యలో నేనెందుకని ఊరుకున్నాను.

అక్టోబర్ 13, బుధవారం

ఈరోజంతా పూల వేట. పిల్లలతో కలిసి కోటగిరి దారిలో పొలం గట్ల వెంబడి గునుగు కోశాం. తంగేడు కోసం ఇంకా పైకి పోయాం. వంబుయికి పొడుగు చేతులు ఉన్నందుకు పైకొమ్మలన్నీ ఆమెవే. ఒక రైతు గట్టు మీద నిలబడి, "గా పిల్లను మాకు కిరాయికియ్యున్రి మేడం, చింతపండు దులుపుకుంటం" అన్నాడు. వంబుయికి అనువదించాను, ఈసారి ఉన్నదున్నట్టు. కొంగుల్లో, సంచుల్లో, చివరికి హన్మంతు సారు సైకిల్ బుట్టలో కూడా పూలే. మధ్యాహ్నం గునుగును గులాబీ రంగులో, పచ్చ రంగులో ముంచి వసారాలో ఆరేశాం. ఇంత సంతోషంగా ఎప్పుడు అలసిపోయానో గుర్తు లేదు.

పేర్చడం రేపు పొద్దున. పదో తరగతికి పూలు పేర్చుకోవడానికి పోసవ్వ తన ఇంటి సిబ్బి తెచ్చింది, వెదురుతో అల్లిన పళ్లెం. వంబుయి పిలిచింది నన్ను. "చూసుకునే మేడం కదా మీరు, ఇది చూడండి. సరిపోతుందా?"

తిప్పి చూశాను. అడుగున ఒక పక్క అంచు చిట్లింది. గుమ్మడి ఆకులు పరిచేస్తే కనబడదు. "సైజు సరిపోతుంది" అన్నాను. అప్పుడే గంట కొట్టారు, పిల్లలు పరిగెత్తారు.

చెప్పాలి. సిబ్బికి బదులు స్టాఫ్‌రూమ్ బీరువాలో ఇత్తడి తాంబాలం ఉంది. తాళం చెవి నా దగ్గరే.

అక్టోబర్ 14, గురువారం, పొద్దున

ప్రార్థనకు ముందే తాంబాలం తీసివ్వాలి. మరిచిపోకుండా తాళం చెవి కొంగుకు ముడేసుకున్నాను.

అదే రోజు, సాయంత్రం

జరిగింది వరసగా రాస్తాను.

నేను వెళ్లేసరికే పిల్లలు పేర్చడం మొదలుపెట్టారు. రెండు వరసలు అయిపోయాయి. తంగేడు, దాని మీద గులాబీ గునుగు, మళ్లీ తంగేడు. ఒకరు అందిస్తుంటే ఒకరు కోసి పెడుతున్నారు. మధ్యలో ఎలా ఆపమంటాను? పదకొండింటికల్లా మోకాలు దాటి పెరిగింది. పసుపు గౌరమ్మను పైన పెట్టేటప్పుడు వంబుయి ఊపిరి బిగపట్టింది. తొమ్మిదో తరగతిది దాని పక్కన పిల్లలా ఉంది.

బడి ఆవరణలో ఆట. నేను మెట్టు మీద. సత్తుపిండి గిన్నె నా చేతిలో. షాగుఫ్తా తిరుగుతూ తిరుగుతూ నా ముందుకొచ్చినప్పుడల్లా కనుబొమ్మ ఎగరేసింది. వంబుయి ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. నేను పిల్లల్ని చూసుకుంటున్నానని నమ్మింది కాబోలు. చేతులు కట్టుకోకూడదని గిన్నెను గట్టిగా పట్టుకున్నాను.

తర్వాత కాలువకు బయల్దేరాం. పదో తరగతి బతుకమ్మను మోయడం ఎవరి వల్లా కాలేదు. వంబుయి నెత్తిన పెట్టుకుంది. దారి పొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఎదురుగా వస్తున్న ట్రాక్టర్ పక్కకు జరిగి ఇంజన్ ఆపేసింది. నేను ఆమె వెనకే నడిచాను. వరస చివర ఉండాల్సినదాన్ని, పిల్లల్ని చూసుకోవడానికి. ఆమె వెనకే నడిచాను.

కాలువ మలుపు దగ్గర కర్రుమని చప్పుడు. సిబ్బి ఎడమవైపు కుంగింది. పూలన్నీ ఆ పక్కకు ఒరిగాయి. గౌరమ్మ జారుతోంది. సక్రి కేక వేసింది. నా చేతిలో గిన్నె ఏమైందో నాకు తెలియదు. రెండు చేతులూ చాపి సిబ్బి కింద పట్టాను. బరువు అరచేతుల మీదికి వచ్చింది. తడి గునుగు రంగు మోచేతుల దాకా కారింది.

పదకొండేళ్లు నేను బతుకమ్మను ముట్టుకోలేదు.

ఎవరైనా ఏదైనా అంటారని చూశాను. దారి మీద ఎంతమంది ఆడవాళ్లున్నారో. పోసవ్వ ఉంది, అన్ని ఆచారాలూ తెలిసిన మనిషి.

"వదలకు మేడం" అంది పోసవ్వ. "ఇంక జెర పైకి లేపు. నడువుండ్రి నడువుండ్రి."

అంతే. అలా నడిచాం, వంబుయి ముందు, నేను చేతులు పైకెత్తి వెనక, ఒకే బరువు కింద. రెండు వందల అడుగులు ఉంటాయేమో. గట్టు మీద దించాం. పిల్లలు చుట్టూ నిలబడ్డారు. పాట మొదలవ్వాలి. ఎవరూ ఎత్తుకోవడం లేదు, అందరూ నా వైపే చూస్తున్నారు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

"ఏడికి పోతున్నవ్?" అంది పోసవ్వ. "పట్టినవ్ గదా. ఇగ పాట గూడ ఎత్తుకో. ఎండల మాడుతున్నం ఈడ."

షాగుఫ్తా పక్కకు జరిగి చోటిచ్చింది. ఎత్తుకున్నాను. మొదటి చరణం వచ్చింది. రెండో చరణం నోటికి రాలేదు, పూర్తిగా పోయింది. సక్రి అందించింది. ఆ పిల్లకు నేర్పింది నేనే. వంగి చప్పట్లు కొట్టినప్పుడు మోకాళ్లు పట్టేశాయి. ఆపలేదు. ఎన్ని చుట్లు తిరిగామో లెక్కపెట్టలేదు. గిన్నె ఎవరు అందుకున్నారో కానీ, బ్రహ్మానందం సారు గట్టు చివర నిలబడి సత్తుపిండి పంచుతున్నారు. సగం నేల మీదే పోస్తున్నారు.

పాట అయ్యాక నీళ్లలో వదిలాం. చిట్లిన సిబ్బి ఒక పక్కకు వాలి తిరుగుతూ, పూలు చిందిస్తూ పోయింది.

తిరిగి వస్తూ వంబుయి ఏడ్చింది. "నేను తల వంచాను. నా వల్లే విరిగింది. మీ పండగ పాడుచేశాను." పోసవ్వ ఆమె వీపు నిమిరింది. "నీదేం లేదు బిడ్డా. పాత సిబ్బి, నేనే సూస్కోకుండ తెచ్చిన."

నేను వరస చివరికి పోయి పిల్లల్ని లెక్కపెట్టాను.

అక్టోబర్ 15, శుక్రవారం

పొద్దున చాయ్ ఇస్తుంటే అత్తమ్మ నా అరచేతులు పట్టుకుని తిప్పి చూసింది. సబ్బుతో తోమినా గులాబీ రంగు పోలేదు.

"ఆడినవట గదా. పోసవ్వ వచ్చి చెప్పి పోయింది."

ఇక ఆగలేదు. "అత్తమ్మా, మధు పోయిన ఏడాది నన్ను ఆడొద్దన్నది నువ్వేనా?"

"నేనా?" చాయ్ కింద పెట్టింది. "నేనెందుకంట? గా యేడు పండుగకు నీకు చీర గూడ తెచ్చిపెట్టిన. నువ్వు తలుపేసుకున్నవ్. పిల్లకు మనసు లేదనుకున్న. మల్ల అడిగి ఏడిపిచ్చుడెందుకని ఊకున్న."

"తర్వాత ఏళ్లల్లో?"

"తర్వాత నువ్వే పోలే. నీ ఇష్టమనుకున్న. సదువుకున్నదానివి, నీకు నేను చెప్తనా?"

"మరి నువ్వెప్పుడూ ఆడలేదు కదా, మామయ్య పోయాక" అన్నాను.

"నన్ను మా అత్త వద్దన్నది. మొకం మీదనే అన్నది, నలుగుర్ల." గ్లాసులో అడుగున మిగిలినది తాగేసింది. "నాకు నీ లెక్క ఫికర్ లేదు బిడ్డా. ఎవరన్నరో నాకెర్కే."

అక్టోబర్ 16, శనివారం

రంజాన్ మొదలైంది. షాగుఫ్తాకు ముబారక్ చెప్పడానికి వెళ్లాను. "మెట్టు ఖాళీ అయింది, ఇగ ఎవల్ని పెడ్తవ్ దాని మీద?" అంది. బ్రహ్మానందం సారును పెడదామన్నాను. ఉపవాసంలో ఉన్న మనిషిని అంతగా నవ్వించకూడదేమో.

వంబుయి రెండు రోజులుగా డాబా మీదే కూర్చుంటోంది. గట్క కూడా సరిగ్గా తినలేదని అత్తమ్మ గొణుగుతోంది. విరగ్గొట్టానని కుమిలిపోతోంది.

అక్టోబర్ 17, ఆదివారం

పండగ చీర ఉతుకుదామని తీస్తే కొంగుకు తాళం చెవి తగిలింది. ముడి వేసింది వేసినట్టే ఉంది.

దాన్ని పట్టుకుని డాబా మీదికి వెళ్లాను. వంబుయి ముందు పెట్టాను. "ఇది తాంబాలం ఉన్న బీరువాది. సిబ్బి చిట్లిందని నాకు ముందు రోజే తెలుసు. మీ వల్ల విరగలేదు, పోసవ్వ వల్లా కాదు."

తాళం చెవి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"తెలియదు."

నా మొహంలోకి చాలాసేపు చూసింది, మొదటి రోజు జీపు దగ్గర నా అబద్ధం పట్టుకున్న మనిషి. "ఇది అబద్ధం కాదు" అంది చివరికి. తాళం చెవి నా చేతిలో పెట్టి, కిందికి పోయి అత్తమ్మను గట్క అడిగింది.

పోసవ్వకు బడి తెరిచిన రోజే చెబుతాను. కొత్త సిబ్బి కొనిస్తాను. ఇది "చెప్పాలి" అని రాసే రకం మాట కాదు. చెబుతాను.

ఆ పాత ప్రశ్నకు జవాబు దొరికింది. నన్ను వద్దన్నవాళ్లు ఎవరూ లేరు. ఆ చోట ఇప్పుడు ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది. తాళం చెవి కొంగుకు కట్టుకున్నదాన్ని, సిబ్బి పక్కనే పొద్దుటి నుంచి తిరిగినదాన్ని, వరస చివర ఉండాల్సింది పోయి సరిగ్గా ఆమె వెనకే నడిచినదాన్ని, నేను మరిచిపోయానా, లేక అది విరగాలనే ఊరుకున్నానా? అటు రాసి చూశాను, ఇటు రాసి చూశాను. రెండూ నిజమనే అనిపిస్తున్నాయి. తేల్చుకోలేకపోతున్నాను.